డైరీ ఫార్మ్‌లో చర్చి కిటికీ

నా చిన్నప్పుడు డైరీ ఫార్మ్ అనే పేటలో మా ఇంటికి ఒక వింత కిటికీ ఉండేది. ఇల్లు చూస్తే రేకుల ఇల్లు, కిటికీ మాత్రం పైన కోసుగా వంపు తిరిగిన దొరల కిటికీ. మా దీవికి ఎదురుగా ఉన్న చిన్న దీవిలో తెల్లదొరలు కట్టుకున్న ప్రెస్బిటేరియన్ చర్చి నుంచి వచ్చిందది. భూకంపం, యుద్ధం ఒకదాని వెంట ఒకటి వచ్చి దొరలు వెళ్లిపోయాక, ఆ రాతి గోడల్ని చెట్ల వేళ్లు చుట్టేశాయి, తలుపులు కిటికీల బర్మా టేకు మట్టిపాలవుతూ ఉండేది. అక్కడి ఇటుకో కర్రో తెచ్చుకోకుండా ఇల్లు కట్టుకున్నవాళ్లు అప్పట్లో మా పేటలో తక్కువ. మా నాన్న కిటికీ చట్రం తెచ్చేసరికే మేస్త్రీ గోడలో నలుచదరంగా కంత వదిలేశాడు. పై మూలలు రెండూ మట్టితో పూడిస్తే, మా ఇల్లు టోపీ పెట్టుకుందని పేటంతా నవ్వింది.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. నాకు మలేరియా పట్టుకుంది. ఆసుపత్రి మాత్రలు మింగుతున్నా జ్వరం వస్తూ పోతూ ఉండేసరికి, అమ్మ భయమంతా కిటికీ మీదికి మళ్లింది. దానికి గోనెపట్టా కట్టేసింది.

"దేవుడి సొమ్ము మనకి అరగదండీ. డుంగీ పడవలో పట్టుకెళ్లి అక్కడే ఒగ్గేసి రండి" అని నాన్నతో తేల్చి చెప్పింది.

కిటికీ ఊడదీస్తే వానలకు గోడ నిలవదని నాన్న. పిల్ల నిలవాలా, గోడ నిలవాలా అని అమ్మ. ఇద్దరికీ మాటలు లేవు. చీకటి గదిలో ఆ ఉక్కపోతకు నేను చచ్చిపోతాననే అనుకున్నాను.

అప్పుడొచ్చింది పక్కింటి రాంచీ దీదీ. రాంచీ వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఆవిడ, క్రైస్తవురాలు. కిటికీ ఆవిడ దేవుడిదే కనుక, తిట్టినా పడదామనుకుని అమ్మ అంతా చెప్పుకుని ఏడ్చింది. దీదీ తిట్టలేదు. నా నుదురు తాకి చూసి, లేచి గోనెపట్టా విప్పేసింది. సముద్రపు గాలి ముఖానికి తగిలింది. ఆ సుఖం ఇప్పటికీ నా ఒంటికి గుర్తుంది.

"కిటికీ పనేంటి, బెహెన్? హవా రావాలి, రోష్నీ, వెలుతురు రావాలి. మూసి పెడితేనే పాపం" అంది.

నాకు నయమయ్యేదాకా రోజూ సాయంత్రం వచ్చి, ఆ కిటికీ కింద మోకరిల్లి తన భాషలో ప్రార్థన చేసుకునేది. పక్కనే అమ్మ దీపం పెట్టేది. కిటికీని తిరిగి పంపే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నన్ను బతికించింది మాత్రలేనని నాకూ తెలుసు. అవి పనిచేసేదాకా నాకు ఊపిరాడనిచ్చింది మాత్రం దీదీ.

రేకుల ఇల్లు పోయి స్లాబు ఇల్లు వచ్చింది. ఆ టేకు చట్రం అలాగే ఉంది. ఈసారి దాని వంపుకు తగ్గట్టే గోడ కట్టించాను. జబ్బుతో ఉన్నవాళ్లను చూడ్డానికి ఎవరింటికి వెళ్లినా, ఏ దేవుడి పేరూ ఎత్తకముందే లేచి కిటికీ తెరుస్తాను.