ఏరు దాటుతుండగా ఆగిన బొమ్మ

2010 ఎండాకాలం. నారాయణఖేడ్‌లో నాది చిన్న కేబుల్ నెట్‌వర్క్. బస్ డిపో వెనక ఒకే గది. దాన్ని మేం కంట్రోల్ రూమ్ అంటాం. డిష్‌లు పట్టిన ఛానళ్లన్నీ అక్కడికి చేరి, అక్కడి నుంచి తీగల మీద ఇళ్లకు వెళ్తాయి. పేరు వింటే విమానాలు నడుపుతున్నట్టుంటుంది గానీ, లోపల ఉండేది నేనూ, ఒక కుర్చీ, ఉక్కపోతా.

మనూర్ రోడ్డు మీది ఒక పల్లెలో బీరప్ప తాత మా కస్టమర్. బతుకంతా గొర్లు కాసిన మనిషి. వాగులో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది, ఎముక అతికింది. ఇప్పుడు లేచి నడవకపోతే ఇక మంచమే గతి అని డాక్టరు చెప్పాడు. తాత మాత్రం లేవడు. ఆయన దవాఖానలో ఉన్నప్పుడే, మేపేవాళ్లు లేక ఇంట్లోవాళ్లు మందను అమ్మేశారు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. చుట్టాల మందలో కలిపామని కోడలు నర్సవ్వ నెట్టుకొస్తోంది. తాత అడగడం మానేశాడు. నమ్మడం కూడా మానేశాడనుకుంటాను.

కాలక్షేపానికని మంచం ముందు టీవీ పెట్టారు. ఒకరోజు బొమ్మ సరిగ్గా రావడం లేదంటే వెళ్లి ఛానళ్లు తిప్పి చూస్తున్నాను. ఉత్తర ధ్రువం దగ్గరి ఒక నేషనల్ పార్కు వచ్చింది. తెలుగులోనే చెబుతున్నారు. చెట్టన్నది లేని నేల, కరుగుతున్న మంచు, రాత్రయినా కుంకని పొద్దు. ఆ నేల మీద రెయిన్‌డీర్లు, అంటే చలిదేశపు జింకలు, మందలు మందలుగా కదులుతున్నాయి.

"ఆగు పిలగా, గదే ఉండనియ్," అన్నాడు తాత. ఆయన గొంతు వినడం నాకదే మొదలు. "ఆకు లేదు, అలం లేదు. ఏం మేస్తయి గవి?"

"నాచు మేస్తయట తాతా."

"కాపరేడి?"

"కాపరి లేడు. వాటంతట అవే పోతయి."

"కాపరి లేకుండ మందెట్లుంటదిరా!" నా తెలివికి జాలిపడ్డట్టు చూశాడు.

మంద పెద్ద ఏట్లోకి దిగింది. ఒక పిల్ల వరదకు కొట్టుకుపోయి తల్లికి దూరమైంది. తాత మోచేతుల మీద లేచి "హోయ్, హోయ్" అని దాన్ని పిలవసాగాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మా దగ్గర కరెంటుకు అంత సమయస్ఫూర్తి.

మర్నాడు నర్సవ్వ ఫోన్ చేసింది. "అన్నా, మామ ముద్ద ముడుతలేడు. గా పిల్ల ఏమైందని ఒక్కటే పరేషాన్."

ఆ కార్యక్రమం ఆదివారం మధ్యాహ్నం మళ్లీ వస్తుంది. ఆ వేళకు పల్లెలో కరెంటు ఉండదు. మా గదిలో జనరేటరుంది. చూడాలంటే తాతే రావాలన్నాను. వస్తాడనుకోలేదు. ఆదివారం ఆటోలో దిగాడు. ఆటో డ్రైవరూ నేనూ చెరో పక్క పట్టి మా ఏకైక కుర్చీలో కూర్చోబెట్టాం. నర్సవ్వ నన్ను పక్కకు పిలిచి, "పిల్ల సచ్చేటట్టుంటే బందువెట్టు అన్నా. మామ తట్టుకోడు," అంది.

పిల్ల ఎలాగో ఒడ్డుకు చేరింది. వణుకుతూ లేచి నిలబడింది. ఒడ్డున తోడేలుంది. నా చేయి స్విచ్ మీదికి పోయింది. తాత నా మణికట్టు పట్టుకుని "ఉండనియ్" అన్నాడు. తోడేలు పిల్లను పట్టుకుపోయేదాకా, ఆ తర్వాత కూడా చూశాడు. తల్లి వెనక్కి చూసి చూసి, అరిచి అరిచి, మందతో వెళ్లిపోయింది.

"పాయె," అన్నాడు తాత, తువ్వాలతో కళ్లు తుడుచుకుంటూ. "పాయెనని ఎరుకైతే ఏడ్వొచ్చు. ఇగ మనయి గూడ చెప్పు నర్సవ్వా."

నర్సవ్వ నేల మీద కూలబడింది. "అమ్మినం మామా."

"ఎవలికి?"

"నాగల్‌గిద్ద ఊర్ల ఒకాయనకు."

తాత తువ్వాల మడిచి ఒళ్లో పెట్టుకుని అడిగాడు. "కాపరి మంచోడేనా?"

"మంచోడే మామా. మొన్న పోయి చూసొచ్చిన. మంచిగ మేపుతుండు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. తాత ముక్కు చీది, "తిననీకేమన్న తెచ్చినవా?" అన్నాడు. నర్సవ్వ జొన్నరొట్టె మూట విప్పింది. తిన్నాక, "నాకో కట్టె ఇయ్యి పిలగా," అన్నాడు. తీగలు పైకెత్తే వెదురు కర్ర ఇచ్చాను. ఆగి ఆగి, ఆటో దాకా తనే నడిచాడు.

అంతకుముందు లైన్ తెగితే కస్టమర్లతో "ఐదు నిమిషాల్లో వస్తది" అనేవాణ్ని. ఇప్పుడు "తీగ తెగింది, ఇయ్యాల రాదు" అని ఉన్నదున్నట్టు చెబుతాను. తిడతారు. తిట్టనీ. తిట్టినవాడు లేచి తన పని చూసుకుంటాడు. వస్తుందని చెప్పించుకున్నవాడే పాపం, అక్కడే కూర్చుంటాడు.