రాజుగారి గుర్రం కింది మనిషి

ఒట్టు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. దుబాయ్ పక్కన అజ్మాన్‌లో మూడు రాత్రులు, ఒంటరిగా, కత్తి దూసిన రాజు ఎదుట నిలబడ్డవాణ్ణి నేను. నాతో పనిచేసిన మల్లేశం ఇదిగో పక్కనే ఉన్నాడు, అడగండి.

సరే... వాడు దగ్గుతున్నాడు. మూడు కాదు, ఒక్క రాత్రి. రాజు కూడా బొమ్మలో రాజే. మిగతాదంతా నిజం.

రెండు వేల అయిదో, ఆరో. ఆగస్టు ఉక్క. ఇంకా తెరవని హోటల్‌కు నేను రాత్రి కాపలా. హాల్లో గోడంత పటం పెట్టారు. ఎప్పుడో యూరప్‌లో యుద్ధం గెలిచిన రాజట. పాత బొమ్మకు నకలు. చుట్టూ చీకటి, వెలుగంతా తెల్లగుర్రం మీది రాజు మీదే. రెక్కలున్న ఆడమనిషి ఆయన తలకు ఆకుల కిరీటం పెడుతోంది. గుర్రం డెక్కల కింద, చేతులు వెనక్కి కట్టేసిన ఖైదీ.

ముదీర్, అంటే అక్కడి మేనేజరు, వేలు చూపించి మరీ చెప్పాడు. "చాచా, హాత్ మత్ లగానా. లగాయా తో ఖలాస్, వీసా క్యాన్సల్!"

ముట్టుకుంటే ఇంటికే. అప్పటికి నాకు యాభై ఎనిమిది. ఆ వయసులో ఇంకో వీసా ఎవరిస్తారు?

అర్ధరాత్రి దాటాక జనరేటర్ ఆగింది. ఏసీ ఆగింది. చీకటి. చప్పుడు లేదు... తర్వాత... టప్.

గుర్రం డెక్క! మళ్లీ... టప్.

టార్చి వేశాను. రాజు అలాగే ఉన్నాడు. వెలుగు కిందికి దించాను. ఖైదీ నుదుటి మీద... చెమట.

రంగు కాదు. నీళ్లు. నేను చూస్తుండగానే ఒక బొట్టు కనుబొమ దాటింది... చెంప మీదికి జారింది... గడ్డం దగ్గర ఆగింది... నేల మీద పడింది. టప్.

చేతులు కట్టేసినవాడు ఎలా తుడుచుకుంటాడు?

అంత భయంలోనూ నాకు అదే తోచింది. వీసా గుర్తుంది. ముదీర్ గుర్తున్నాడు. అయినా మెడలో తువ్వాల తీసి వాడి మొహం తుడిచాను. మెల్లగా, జ్వరమొచ్చినవాడికి తుడిచినట్టు. వేలికంటిన తడిని నాలుకకు తగిలించుకున్నాను... ఉప్పగా ఉంది.

వాడు నన్ను చూసి కళ్లు ఆర్పాడు.

లేదులెండి, అది నేను కలిపింది. ఉప్పు మాత్రం నిజం. అది నా చెమటో, వాడిదో... ఇప్పటికీ తేలలేదు.

పొద్దున ముదీర్ పటాన్ని ఎగాదిగా చూశాడు. తన గదిలోకి వెళ్లిపోయాడు. ఆ ఖైదీయే నా వీసా కాపాడాడని నా నమ్మకం.

అప్పట్లో అక్కడ పగటి కాపలా మల్లేశానిది. ఇంతసేపూ పక్కన కూర్చుని విన్నవాడు ఇక ఆగలేకపోయాడు.

"వాడేం కాపాడిండు కాకా! పటమంత తడే ఉండె. గుర్రానికి చెమటే, రాజుకు సుత చెమటే. నువ్వు వాని మొఖమొక్కటే తుడిసి పోయినవ్. దుమ్ముల అదొక్కటే మెరుస్తుండె. ముదీర్ రాకముందు మిగిలినోళ్లందర్ని తుడిసింది నేను."