అర్థం తెలియని పాటల మధ్యాహ్నాలు

పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో నా ఉద్యోగం చదవడం. మందు పెట్టెలో మడతలు పెట్టి ఉంచే సన్న కాగితం ఉంటుంది కదా, ఎవరూ చదవని కాగితం, దాన్ని అచ్చుకు పంపే ముందు అక్షరం అక్షరం సరిచూడాలి. మా మందులు యూరప్‌కు పోవడం మొదలయ్యాక ఆ కాగితాలు పోర్చుగీసులో, పోలిష్‌లో, జర్మన్‌లో, ఫిన్నిష్‌లో రాసాగాయి. ఆ భాషలు మాలో ఎవరికీ రావు. రాకపోవడమే మంచిదని మా మేనేజరు అనేవాడు. భాష వచ్చినవాడు తప్పును కూడా సరిగ్గా చదివేస్తాడట.

ఇద్దరిద్దరం కూర్చుంటాం. ఒకరు అక్షరాలు పైకి చదివితే, ఇంకొకరు అనుమతి వచ్చిన ప్రతి మీద వేలు పెట్టి చూస్తుంటారు. నా జత అక్క. సొంత అక్క కాదు, నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్ల నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చాడు. ఆమె ఇక్కడే పుట్టింది, మాట కూడా ఇక్కడిదే. ఆదివారాలు చర్చిలో పాటల బృందంలో పాడుతుంది. గుర్తులున్న అక్షరాలకు పేర్లన్నీ ఆమె పెట్టినవే. నెత్తిన మెలిక ఉంటే పాము ఏ. కింద కొక్కెం ఉంటే తోక సీ. రెండు చుక్కలుంటే చుక్కల యూ. నడుం మీద దెబ్బ తగిలినట్టు గీత ఉన్నది గీత ఎల్. రోజంతా మా బల్ల దగ్గర ఈ మాటలే వినిపించేవి.

నా భర్త పోయింది ఆ పని మొదలైన ఏడాదే. ఆదివారం పొద్దున గడ్డం గీయించుకోవడానికి వెళ్లి సెలూన్ కుర్చీలోనే ఒరిగిపోయాడు. ఫోన్ చేసింది సెలూన్ అతనే. నేను వెళ్లేసరికి ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ ఆరిపోయి ఉంది. ఆసుపత్రిలో చెప్పాల్సింది చెప్పారు. ఇంటికి తెచ్చాక సెలూన్ అతను తన సామాను తీసుకుని వచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా, మిగిలిన చెంప గీసి వెళ్లాడు. అతని చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. ఆ రోజు గురించి నాకు బాగా గుర్తున్నది అదే. అందరూ ఏడ్చారు. వచ్చినవాళ్లకు కుర్చీలు సరిపోతాయో లేదో నేను చూస్తూ ఉన్నాను.

కొన్నాళ్లకు పనికి వచ్చాను. బాధ లేదు. బాధ లేదంటే ధైర్యంగా ఉన్నానని కాదు. పన్ను పీకే ముందు సూది వేస్తే, చెంప మీద చెయ్యి పెట్టుకున్నా అది మనది కానట్టు ఉంటుంది చూడండి, మనిషిని మొత్తం అట్లా ఉన్నాను.

మా షిఫ్ట్ బస్సులో డ్రైవరు పాటలు పెట్టేవాడు. అందులో ఆయనకూ నాకూ ఇష్టమైనవి కూడా వచ్చేవి. ప్రతి మాటా తెలుసు. వింటే ఏదో ఒకటి జరుగుతుందని ఎదురుచూసేదాన్ని. ఏమీ జరిగేది కాదు. అది నాకు సిగ్గుగా ఉండేది. అందుకని చెవుల్లో దూది పెట్టుకోవడం మొదలుపెట్టాను. బస్సులో వాళ్లు వేరేగా అనుకున్నారు. పాపం, పాటలు వినలేకపోతోందని డ్రైవరుకు చెప్పి ఆపించారు. కొన్ని నెలల పాటు బస్సంతా ముత్తంగి దాకా నా వల్ల మౌనంగా ప్రయాణం చేసింది. కాదు, అసలు సంగతి అది కాదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఒకరోజు అన్నం తింటూ అక్క అడిగింది.

"ఈ పాము ఏ ఎట్ల పలుకుతరో ఎరికేనా నీకు?"

"మనకెందుకక్కా. గుర్తు సరిగ్గ ఉంటె చాలు కదా."

"ఆర్నెల్ల సంది చదువుతున్నం. ఒక్క మాటన్న వాళ్ల నోట్ల విన్నమా?"

ఫోన్లో వెతికి ఒక పోర్చుగీసు పాట పెట్టింది. ఇయర్‌ఫోను ఒకటి తన చెవిలో, ఒకటి నా చెవిలో. ఒక మగమనిషి, ఒక గిటార్. పెద్ద గొంతేమీ కాదు. డ్యూటీ దిగి వచ్చి గడప మీద కూర్చున్నవాడు ఇంట్లోవాళ్లతో మాట్లాడుతున్నట్టు ఉంది. పాట అయిపోయింది.

"ఎట్లున్నది?"

"మళ్ల పెట్టు" అన్నాను.

అక్క చెయ్యి అన్నంలోనే ఆగింది. ఆయన పోయాక నేను ఎవరినీ ఏదీ కావాలని అడగలేదు. అది ఆమెకు తెలుసు.

ఆ పాట నాకు నచ్చిందని కూడా చెప్పలేను. అది నన్ను ఏమీ అడగలేదు, అంతే. తెలుగు పాటైతే మాట అర్థమవుతుంది, అర్థమైతే ఏదో ఒకటి అనిపించాలి. ఇందులో ఆ బాకీ లేదు. ఒక మనిషి గొంతు పక్కన ఊరికే కూర్చోవచ్చు.

తర్వాత అదే మా అలవాటైంది. ఒకరోజు ఆమె పాట తెస్తే, ఇంకోరోజు నేను. ఏ భాష కాగితం చేతిలో ఉంటే ఆ భాష పాట. అక్కకు జర్మన్ బృందగీతాలు ఇష్టం. ఒకదాంట్లో రెండు వరుసలు వినగానే చెంచా కింద పెట్టింది.

"ఇది మా చర్చి పాట బాణీయే. చిన్నప్పటి సంది పాడుతున్న. మాదే అనుకున్న ఇన్నాళ్లు."

ఆ జర్మన్ గొంతుల మీద తన తెలుగు మాటలు మెల్లగా పాడింది. ఎక్కడా తేడా రాలేదు. ఎదురుగా కూర్చున్న ప్యాకింగ్ విభాగం బీహారీ అతను "దీదీ, యే కౌన్‌సీ భాషా హై?" అని, అది ఏ భాషో అడిగాడు. "రెండు" అంది అక్క, వేళ్లు చూపించి.

నాకు ఫిన్నిష్ పాట ఒకటి దొరికింది. అందులో ఒకామె ఏదో లెక్కపెడుతున్నట్టు పాడుతుంది, పైకీ పోదు, కిందికీ రాదు. అది నాకు సరిపోయింది. పోలిష్ పాటల్లో గీత ఎల్ ఎక్కడ వస్తుందో పట్టుకోవడం మాకు ఆటలా ఉండేది. ఒక్కటే షరతు పెట్టాను. అర్థం వెతకకూడదు.

"తెలుస్తె ఇంక మంచిగుంటది కదనే" అంది అక్క.

"తెల్వకుంటెనే మంచిగుంటది నాకు."

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎండాకాలంలో పోర్చుగల్ నుంచి తనిఖీకి ఒకామె వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో దారంతో వేలాడే కళ్లజోడు. రెండో రోజు మా బల్ల దగ్గర కూర్చుని పాత కాగితాలు తిరగేస్తోంది. మేనేజరు వెనక నిలబడి ఉన్నాడు. అక్క తనకు తెలియకుండానే ఆ మొదటి పాట కూనిరాగం తీసింది. తనిఖీ ఆమె పెన్ను ఆగింది.

ఈ పాట మీకెలా తెలుసని ఇంగ్లీషులో అడిగింది. అక్క దాచకుండా అంతా చెప్పేసింది, పాము ఏతో సహా. ఆమె నవ్వింది. ఆ అక్షరం ముక్కులోంచి రావాలని తన ముక్కు పట్టుకుని చూపించింది. మా ఇద్దరి చేతా పలికించింది. మేనేజరు చెమట తుడుచుకున్నాడు.

"ఆ పాటలో ఏముందో చెప్పనా?" అని అడిగింది.

"వద్దు" అన్నాను. ఇంగ్లీషులో అది నేను అనుకున్నదానికంటే మొరటుగా వచ్చింది.

ఆమె చేతిలోని కాగితం పక్కన పెట్టింది. "సరే. అయితే మీ భాషలో మీకిష్టమైనది ఒకటి పాడండి. నేనూ అర్థం అడగను" అంది.

నేను పాడేదాన్ని కాదు. బస్సులో వినే పాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది మా ఊరు లక్డారంలో నాట్లు వేసేటప్పుడు మా అమ్మ పాడిన పాట. పుస్తకంలో లేదు, ఫోన్లోనూ లేదు. నాలుగు వరుసలు, చేతిలోని కాగితం చూస్తూ, అప్పజెప్పినట్టు పాడాను. తలెత్తేసరికి ఆమె కళ్లజోడు తీసి ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి. నేను కాగితపు రుమాలు అందించాను. ఆమె ఏమీ అడగలేదు, మాట నిలబెట్టుకుంది.

ప్రతి మాటా తెలిసినదాన్ని నేను, ఒక్క మాటా తెలియనిది ఆమె. ఆమెలో పనిచేస్తున్నదేదో నాలో చెడిపోయి ఉందనిపించింది. అసూయ లేదు, దిగులూ లేదు. చెడిపోయిన మిషన్‌కు చీటీ కట్టినట్టు, తెలిసింది, అంతే. ఆ తర్వాత పని సాగింది. నాలుగో పేజీలో కామా ఒకటి పోయిందని ఆమే పట్టుకుంది.

ఆ ఏడాదే అక్కను బొంతపల్లి వైపు కొత్త యూనిట్‌కు మార్చారు. వెళ్లే రోజు బల్ల సర్దుకుంటూ అంది, "ఆమె కారెక్కేముందు నాకు చెప్పింది, ఆ పాటల ఏమున్నదో. చెప్పాల్నా?"

"వద్దక్కా."

"సరే, నా దగ్గరుంటది తియ్యి."

పాటలు ఫోన్లో పంపుకోవడం మాత్రం ఆగలేదు. ఒకసారి అడిగింది, "గా నాట్ల పాట నాలుగు వరుసలే పాడినవ్ గదా. పూరా పంపరాదు."

అమ్మ తమ్ముడి దగ్గర ఉంటుంది, లక్డారంలోనే. ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. అమ్మ కింద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ఫోన్‌లో రికార్డు నొక్కి మంచం మీద నడుం వాల్చాను.

"అమ్మా, నాట్లప్పటి పాట పాడవే."

"ఎందుకే గిప్పుడు?"

"మా అక్కకు పంపాలె."

"గది ఒక్కదాన్ని పాడితె రాదు బిడ్డా. పదిమంది మడిల వంగితెనే వస్తది."

"జెర యాది చేసుకో."

ఇంకో రెండు కాయలు ఒలిచి మొదలుపెట్టింది. మూడో వరుస దాకా విన్నట్టు గుర్తు. మెలకువ వచ్చేసరికి ఎండ గోడ మీదికి ఎక్కింది. గంట పైన నిద్రపోయాను, ఫోన్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. నేను వినకుండానే అక్కకు పంపించాను.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. "పాట రెండు నిమిషాలే ఉన్నది. ఎన్కాల అంత ముచ్చటనే."

"ఎవరితోని?"

"నీతోనే. నువ్వు పండుకున్నవని తెల్వది పాపం. అల్లుని గురించి చెప్తనే ఉన్నది. వినలేదా?"

"లే."

"ఇది నీకు అర్థమైతది మరి" అంది అక్క. "వింటవో వినవో నీ ఇష్టం."

మూడు రోజులు వినలేదు. నాలుగో రోజు అన్నం వేళ, ఎదుటి కుర్చీ ఖాళీగా ఉండగా, ఇయర్‌ఫోను రెండు చెవులకూ పెట్టుకున్నాను. పాట అయ్యాక అమ్మ గొంతు. పెళ్లయిన కొత్తలో నేను లేకుండా ఆయన ఒక్కడే ఒకసారి లక్డారం వచ్చాడట. కుర్చీ వేస్తే కూర్చోకుండా అమ్మ పక్కన కింద కూర్చుని చేటెడు అనపకాయలు ఒలిచి వెళ్లాడట. నీకు చెప్పొద్దన్నాడు, నవ్వుతవని, అంటోంది అమ్మ. తర్వాత కాసేపు కాయల చప్పుడు. "నువ్వు ఏడ్వలేదని అందరు అంటుండ్రు. అననియ్యి. నీకెప్పుడు బుద్ధైతె అప్పుడే ఏడువు." తర్వాత, "పండుకున్నదా", అని తనలో తను అనుకోవడం. ఫ్యాన్ వేగం పెరిగిన చప్పుడు.

నాకు ఏడుపు రాలేదు. కానీ ఆ కాయలు ఒలిచిన సంగతి నాకు తెలియదు. ఆయన గురించి నాకు తెలియనిది ఒకటి ఇన్నాళ్లూ అమ్మ దగ్గర ఉండిపోయింది. ఆ మాట దగ్గరికి వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. బెల్లు కొట్టేదాకా అదే వింటూ కూర్చున్నాను.