ఎరుపు పసుపు అంగీ లక్ష్మణ్

మా మేడ మీది గదిలో కిరాయికి ఉండే లక్ష్మణ్ సూర్యాపేట మార్కెట్ యార్డులో కాంటా వేస్తాడు. వడ్ల బస్తా ఎక్కగానే ఎన్ని కిలోలో యార్డంతా వినబడేలా అరుస్తాడు. ఆ గొంతు ఇంటికి వచ్చేసరికి ఎక్కడ దాక్కుంటుందో తెలియదు. ఆరేళ్ళ నుంచి ఉంటున్నాడు. వాడంతట వాడు మొదలుపెట్టిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో సగం "పెద్దమ్మా, నీళ్ళొచ్చినయా?" అన్నవే.

ముప్పై ఆరేళ్ళు. పెళ్ళి కాలేదు. ఒకే ఒక్క పిచ్చి, ఫుట్‌బాల్. ఇంట్లో ఎరుపు పసుపు రంగుల అంగీ ఒకటి ఉంది. మొదట చూసినప్పుడు ఏదో జాతరలో కమిటీవాళ్ళు పంచిన అంగీ అనుకున్నాను. పసుపు కుంకుమ కలిపినట్టు ఉంటుంది మరి. అడిగితే, కలకత్తా జట్టుదన్నాడు. ఈస్ట్ బెంగాల్ అట.

"సూర్యాపేటల పుట్టినోనికి కలకత్తాతోని ఏం పనిరా?" అన్నాను.

వాడు నవ్వి మెట్లెక్కి పోయాడు. సంగతి బయటికి రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇరవై ఏళ్ళప్పుడు మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేశాడు. అక్కడ బెంగాలీ కూలీలు ఆదివారం మధ్యాహ్నం ధాన్యం ఆరబోసే సిమెంటు నేల మీద బంతి ఆడేవాళ్ళు. వాళ్ళ భాష వీడికి రాదు, వీడి భాష వాళ్ళకు రాదు. అయినా ప్రతి వారం కలిసి ఆడుకున్నారు. మాట మొదలుపెట్టే పని లేకుండా మనుషులతో కలిసి ఉన్నది అప్పుడొక్కసారేనేమో వీడు. వాళ్ళలో నిమాయి అనే ఆయన ఊరికి పోతూ తన అంగీ విడిచి వీడికిచ్చాడు. నిమాయి మళ్ళీ రాలేదు. జట్టు మాత్రం వీడి దగ్గర ఉండిపోయింది.

అది గెలిచే జట్టు కూడా కాదు. నాలుగైదేళ్ళుగా వాడి మొహం చూసి నేనే చెప్పేదాన్ని, "ఓడినట్టున్నరు గదరా" అని. మార్కెట్లో అందరూ క్రికెట్టోళ్ళు. ఆ అంగీ చూసి హమాలీలు "కబడ్డీ టీమా అన్నా?" అని అడిగేవారట. వాడు అవునని తలూపేవాడట. వివరించడం కన్నా అదే సులువు.

అలాంటి జట్టు ఒక జనవరిలో పన్నెండేళ్ళకు పెద్ద కప్పు గెలిచింది. తెల్లారి నేను నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడ్డాను. లక్ష్మణ్ కిందికి దిగాడు. మొహం వెలిగిపోతోంది. నా ముందుకొచ్చి నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"పెద్దమ్మా..."

"చెప్పు బిడ్డా."

"నీళ్ళొచ్చినయా?"

బిందె నిండి పొర్లుతోంది వాడి కాళ్ళ మీదికి.

ఆ సంగతి చాలా రోజులు నా మనసులో మెదిలింది. అంత సంతోషం వచ్చి, చెప్పడానికి ఒక్క మనిషి లేకపోతే ఎట్లా అని. నాకు చెప్పినా ఏం లాభం? బంతి ఎటు పోవాలో కూడా నాకు తెలియదు.

తర్వాత ఏడాదికి అనుకుంటాను, ఒక సోమవారం సాయంత్రం వాడే వచ్చి మా గడపలో కూర్చున్నాడు. సోమవారాలు వాడు మిర్యాలగూడ మిల్లుకు కాంటా వేయడానికి పోతాడు. పొద్దున బస్సులో ఒక అమ్మాయిని చూశాడట. ఆమె ఫోను వెనక కాగడా పట్టుకున్న చెయ్యి బొమ్మ ఉందట. అది వీళ్ళ జట్టు గుర్తు.

"పదహారేండ్లల్ల ఈ తావున నాకు కనవడ్డ ఒకే ఒక్క మనిషి, పెద్దమ్మా."

"మరి మాట్లాడకపోయినవా?"

"ఏమని పిలవాలె?"

అదీ వాడి బాధ. ఇటు మనం ఎవరినైనా వరుస పెట్టి పిలిచాకే మాట ముందుకు జరుపుతాం. అక్కా అంటే వయసెక్కువ చూపించాడని ఆమె అనుకోవచ్చు. చెల్లే అంటే మరీ చనువు. మేడం అంటే బ్యాంకులో ఉన్నట్టు ఉంటుంది. ఇవన్నీ వాడే చెప్పాడు, ఒక్కొక్కటీ నోట్లో చప్పరించి చూసినట్టు.

"ఆంధ్రా పక్కనుండే కోదాడోళ్ళ లెక్క ఏమండీ అను" అన్నాను.

"నా నోట్లకెల్లి రాదది."

అట్లా ఐదు సోమవారాలు గడిచాయి. మొదటిసారి ఆమె వెనక సీట్లో కూర్చుని దిగిపోయాడు. రెండోసారి మాట సిద్ధం చేసుకున్నాడు, ఆమె నిద్రపోయింది. మూడోసారి ఎర్రటి ఎండలో ఆ అంగీ వేసుకొని పోయాడు, ఆమే చూసి పలకరిస్తుందని. నిలబడ్డవాళ్ళ సందులో వీడి తలకాయ తప్ప ఏమీ కనబడలేదట. ప్రతి సోమవారం ఆశగా పోయి, రాత్రి కూర వండుకోకుండా పడుకునేవాడు.

నాకు పాణం ఊరుకోలేదు. ఆరో సోమవారం నేనూ బస్సెక్కాను. లక్ష్మణ్‌ని రెండు సీట్ల ముందు కూర్చోబెట్టి, నేను ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. పేరు వందన. మిర్యాలగూడ స్టేషన్‌లో రైల్వే ఉద్యోగం. ఆదివారాలు సూర్యాపేటలో అక్క ఇంటికి వచ్చి పోతుంది. సొంతూరు నిడమనూరు. తండ్రి జానయ్య, గొర్లమంద ఉంది, ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. మొదటి ఉద్యోగం కలకత్తా దగ్గర, మూడేళ్ళు. అక్కడ ఆగాల్సింది నేను. నేను పోయింది ఆ మాట కోసమే. కానీ నోరు అలవాటైన దారిలోనే పోయింది.

"ఇంటిపేరేంది బిడ్డా? మేనమామలది ఏ ఊరు?"

త్రిపురారం, అంది ఆమె. అంటూనే నా వైపు ఒకలా చూసింది. మేనమామల ఊరు ఎవరు అడుగుతారు, ఎందుకు అడుగుతారు అన్నది మన దగ్గర చిన్నపిల్లకైనా తెలుసు. సరిగ్గా అప్పుడే రెండు సీట్ల ముందు లక్ష్మణ్ మెడ తిప్పి మా వైపు చూశాడు. ఆమె వాణ్ణి చూసింది, నన్ను చూసింది. సంచి తీసుకొని లేచి డ్రైవరు వెనకాల నిలబడింది. మిర్యాలగూడ దాకా నిలబడే ఉంది.

దిగాక లక్ష్మణ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమన్నది పెద్దమ్మా? కప్పు గెల్సిన మ్యాచ్ సూసిందటనా?"

"నేను... అడగలే బిడ్డా."

"అంతసేపు మాట్లాడినవ్ గద!"

"మేనమామలది త్రిపురారం అట."

వాడు తలూపి మిల్లు దారి పట్టాడు. తిట్టినా బాగుండేది. తర్వాతి సోమవారం ఆమె ఆ బస్సుకు రాలేదు. దాని తర్వాత సోమవారమూ రాలేదు.

మూడో ఆదివారం పొద్దున మా వాకిట్లో తెల్లటి తలపాగా చుట్టిన పెద్దమనిషి నిలబడ్డాడు. సత్తమ్మ ఇల్లు ఇదేనా అన్నాడు. బస్సులో మాటల మధ్య నా పేరు, వాడకట్టు ఆమెకు నేనే చెప్పి ఉన్నాను.

"నిడమనూరు జానయ్యను. మా బిడ్డను బస్సుల అడిగిండ్రంట. పిల్లకు కోదాడ సంబంధం ఖాయమైంది తల్లీ. మంచిగ అడిగినోళ్ళకు మంచిగనే చెప్పిపోవాలె గదా అని వచ్చిన."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మంచం వాల్చి మంచినీళ్ళిచ్చాను. జానయ్య నీళ్ళు తాగి మేడ వైపు చూశాడు. "పిలగాడు మంచోడేనంట. వాడకట్టుల అడిగిన. తాగడంట, ఎవ్వలనూ ఒక్క మాటనడంట."

"అనడు. అసలు మాట్లాడితే గదా" అన్నాను.

అంతలో లక్ష్మణ్ దిగాడు. ఆ రోజు ఆట ఉన్నట్టుంది, ఆ అంగీతోనే ఉన్నాడు. జానయ్య దాన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"గిది మా పిల్లకు గూడ ఉన్నది! పసుపు కుంకుమ తీర్గ. పెట్టెల మడతవెట్టి పెట్టుకుంటది."

లక్ష్మణ్ నోరు తెరిచాడు. మళ్ళీ నీళ్ళ సంగతి అడుగుతాడేమో అని నేను భయపడ్డాను.

"సంబంధం కోసం కాదు పెద్దయ్యా. ఆ ఆట గురించి ఒక్క మాట అడుగుదామని. గంతే. ఇంకేం లేదు."

జానయ్య వాణ్ణి చూసి పడీపడీ నవ్వాడు. "ఇంట్ల ఎవ్వలకూ సమజ్ గాదు బాబూ. ఫోనుల ఒక్కతే సూసుకుంటది, ఒక్కతే ఏడుస్తది" అంటూ ఫోను తీసి కలిపాడు. సంగతి రెండు ముక్కల్లో బిడ్డకు చెప్పి లక్ష్మణ్ చేతిలో పెట్టాడు.

వాడు ఫోను చెవికి పెట్టుకొని గోడ వైపు తిరిగాడు. అక్కా అనలేదు, చెల్లే అనలేదు.

"కప్పు మ్యాచ్ సూసినవా?" అన్నాడు.

అవతలి నుంచి ఆ పిల్ల గొంతు మంచం మీద కూర్చున్న నాకూ వినబడింది. గలగలా మాట్లాడుతోంది. వాడు "ఆఁ... ఆఁ... నేను గూడ" అంటున్నాడు. చేత్తో గోడ మీద ఏదో గీస్తున్నాడు, బంతి ఎటు పోయిందో మరి. పావుగంట గడిచింది. వాడి వీపు అంత తేలిగ్గా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఇంతలో జానయ్య బస్సు వేళయిందని లేచి, వాడి భుజం తట్టి ఫోను తీసుకున్నాడు. పెళ్ళికి రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు.

"నంబర్ తీసుకున్నవా?" అన్నాను.

"తండ్రి ముంగట ఎట్లడుగుత పెద్దమ్మా? లగ్గం కుదిరిన పిల్ల."

"నేనడుగుత. నిడమనూరు ఎంత దూరం?"

"నువ్వు పోతే మళ్ళ మేనమామల దగ్గరికే పోతవ్" అని నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మెట్ల మీద కూర్చున్నాడు.

"అవతలోళ్ళు రెండో గోల్ కొట్టినప్పుడు నేను ఏడ్చిన పెద్దమ్మా. ఆమె గూడ గాడనే ఏడ్సిందట. ఇగ మూడోది మనోళ్ళు కొట్టిన్రు సూడు, గప్పుడు తనేం చేసిందో చెప్పబోయింది. హాస్టల్ మెట్లు దిగి ఉరికిన అన్నది. గంతే, ఫోను తీసుకుండు."

"ఆ గోల్ నువ్వు సూడలేదా ఏంది?"

"నూరుసార్లు సూసిన" అన్నాడు లక్ష్మణ్. "ఆమె ఎటు ఉరికిందో తెల్వదు."