మూడు దేశాల టీవీ, బాలవ్వ యాంటెన్నా

2009 చివర్లో, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్నప్పుడు, నేను మెదక్ టీవీ రిలే కేంద్రంలో అసిస్టెంట్ ఇంజనీర్‌ని. హైదరాబాద్ కార్యక్రమాలను అందుకుని చుట్టుపక్కల ఊళ్ళ యాంటెన్నాలకు పంపడం మా పని. ఆ రోజుల్లోనే పై అధికారి నాకొక బాధ్యత అప్పగించారు: ఏ దేశపు డిజిటల్ ప్రసార పద్ధతి మా ప్రాంతానికి నప్పుతుందో అభిప్రాయం రాసి పంపాలి.

చదివినకొద్దీ తల తిరిగింది. అమెరికా వాళ్ళు బొమ్మంతటినీ ఒకే వాహక తరంగం మీద పంపుతారు. యూరప్ వాళ్ళు వేల చిన్న తరంగాలకు పంచుతారు. చెట్టుకో గోడకో తగిలి కొన్ని దెబ్బతిన్నా మిగిలినవి గట్టెక్కిస్తాయి. జపాన్ వాళ్ళూ పంచుతారు గాని, చానల్‌ను పదమూడు ముక్కలు చేసి ఒకటి చేతిఫోన్లకు వదులుతారు. ఎవరికి వారు తమదే మేలంటారు. మెదక్ సంగతి మాత్రం ఎవరూ రాయలేదు!

ప్రయోగానికి యూరప్ పద్ధతి ట్రాన్స్‌మిటర్ ఒకటి, కొన్ని రిసీవర్ పెట్టెలు వచ్చాయి. పాత ప్రసారం కూడా పక్కనే నడుస్తోంది. మా సిగ్నల్ నీరసపడే చోట ఎలా ఉంటుందో చూద్దామని, పాపన్నపేట అవతల మంజీర ఒడ్డు ఊళ్ళో బాలవ్వ ఇంట్లో ఒక పెట్టె బిగించాను. ఆమెది కూలి పని, ఇంటికి కేబుల్ లేదు. కొడుకు సైలు హైదరాబాద్‌లో చదువుతూ ఉద్యమంలో తిరుగుతున్నాడు. ముందురోజు పోలీసులు విద్యార్థులను పట్టుకెళ్ళారు. అప్పటి నుంచి అతని ఫోన్ పలకడం లేదు.

"వార్తలల్ల పోరని మొఖం కనబడ్తదేమో, జర మంచిగ పెట్టుండ్రి సారూ," అంది.

మధ్యాహ్నం బొమ్మ అద్దంలా వచ్చింది. నాకు కాస్త గర్వంగానే అనిపించింది. సాయంత్రం వార్తలు మొదలయ్యాయో లేదో, బొమ్మ ముక్కలై తెర నల్లబడింది. మిద్దె ఎక్కి యాంటెన్నా గొట్టం తిప్పసాగాను. పాత పద్ధతిలోనైతే కింద నుంచి "జర వచ్చింది, ఇంకింత తిప్పు" అని కేకేసేవాళ్ళు, ఆ కేకను పట్టుకుని దిక్కు దొరికేది. డిజిటల్‌లో ఆ "జర వచ్చింది" ఉండదు. వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే ఏమీ రాదు. ఎటు తిప్పినా కింద నుంచి ఒకటే మాట: "ఏం లేదు సారూ, నల్లగనే ఉంది." గాలికి ఊగే చెట్లు అడ్డొచ్చి సిగ్నల్ పోయిందా, గొట్టం జరిగిందా, పెట్టె పాడైందా? నాకేమీ అర్థం కాలేదు.

"గా పెట్టె తీసెయ్యుండ్రి సారూ! నా పాతది నాకియ్యుండ్రి," అని బాలవ్వ కసిరింది.

దిగొచ్చి తీగను పెట్టె నుంచి పీకి నేరుగా టీవీకి తగిలించాను. తెర నిండా చుక్కలే, ఎవరి మొఖమూ ఆనలేదు. ఆ గరగరలోంచి వార్తలు చదివే ఆమె గొంతు మాత్రం వినిపించింది. అదుపులోకి తీసుకున్న విద్యార్థులందరినీ వదిలేశారట. బాలవ్వ అక్కడే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఇనబడ్డది సారూ. ఇడిసిపెట్టిన్రట," అంది.

అభిప్రాయంలో యూరప్ పద్ధతినే సిఫారసు చేశాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. పాత ప్రసారాన్ని వెంటనే ఆపొద్దని, ముందు సిగ్నల్ అంచున ఉన్న ఊళ్ళలో సాయంత్రాలు పరీక్షించాలని ఒక పేరా కలిపాను. దేశాల పోలికకు ఆ పేరాతో సంబంధం లేదని కాగితం తిరిగొచ్చింది. పేరా తీయకుండానే మళ్ళీ పంపాను. ఏ దేశపు పద్ధతిలో బొమ్మ ఎంత బాగుంటుందో నేను చదివినవన్నీ చెప్పాయి. సిగ్నల్ పడిపోయినప్పుడు చూసేవాళ్ళకు ఏం మిగులుతుందో ఒక్కటీ చెప్పలేదు. రిటైరయ్యేదాకా, కొత్త యంత్రం ఏది వచ్చినా, నేను ముందు అడిగింది అదే.