ఊపిరి బిగబట్టిన ఫొటోలు

“ఫోన్‌లో చూస్తే సినిమా హీరోయిన్‌లా ఉన్నాను. ఇంటికొచ్చిన డ్రెస్సేమో నడుం దగ్గర ఆగిపోయి, ఇక నావల్ల కాదంది! ఇదేనమ్మా మీ టెక్నాలజీ?”

“వదినగారూ, ముందు మీరు కూర్చోండి.”

“కూర్చుంటే మిగిలింది కూడా చిరుగుతుంది!”

మెట్లెక్కుతుండగానే నాకీ మాటలు వినిపించాయి. అరుస్తున్నది మా అక్క. కూర్చోమంటున్నది మా వదిన, అంటే అన్నయ్య భార్య. అక్క అరవడం, వదిన నవ్వుతూ నెగ్గుకు రావడం మా ఇంట్లో కొత్త కాదు. ఆ రోజు మాత్రం వదిన నవ్వడం లేదు. లోపలికెళ్ళి చూస్తే అక్క ఆ డ్రెస్సులోనే ఉంది. పక్కనున్న జిప్పు సగంలో నోరు తెరిచింది. పైన బావ చొక్కా కప్పుకుంది. సాక్ష్యం చెడిపోకూడదని వీధులన్నీ అలాగే దాటుకుని వచ్చిందట.

ఆ డ్రెస్సు అక్కకు అచ్చంగా సరిపోతుందని చెప్పింది మా యాప్.

వదిన అంతకుముందు, ఆన్‌లైన్‌లో బట్టలమ్మే ఒక కంపెనీ గోదాములో పనిచేసేది. తిరిగొచ్చిన బట్టల గది ఆమెది. కవరు చింపడం, బట్ట విదిలించడం, మెడ దగ్గర చెమట వాసన ఉందేమో చూడడం, ఏ గుట్టలో వేయాలో ఆ గుట్టలో వేయడం. కిటికీ లేని గది, తరగని గుట్టలు. జనం చెప్పే కారణం ఎక్కువగా ఒకటే: సరిపోలేదు. “కొనకముందే వేసుకుని చూసుకుంటే ఈ గదే ఉండదు కదా” అని ఒకసారి భోజనం దగ్గర అంది. ఇంకొకరైతే ఆ మాటను ముద్దతోపాటు మింగేసేవారు. వదిన ఉద్యోగం మానేసింది.

కాలేజీ మధ్యలో వదిలేసి ఇంట్లో గోడలు చూస్తున్న నన్ను పిలిచి, “నీకు కంప్యూటర్ వచ్చు, పని లేదు. నాకు పనుంది, కంప్యూటర్ రాదు. ఏమంటావు మరిదీ?” అంది. కాదనడానికి నాకోసం వేరే ఎవరూ పూలదండ పట్టుకుని నిలబడి లేరు. అన్నయ్య “ఇల్లు ఇరుకంటే ఆఫీసు కూడా తెచ్చి పెట్టారు” అని సణుగుతూనే ముందుగదిలో ఒక గోడకు తెల్లరంగు వేశాడు.

షాపుల్లో ట్రయల్ రూమ్ చేసే పనే మా యాప్ చేస్తుంది. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీసి పంపితే, మీరు కొనాలనుకున్న బట్టను మీ ఒంటి మీదే వేసి చూపిస్తుంది. ఏ సైజు తీసుకోవాలో చెబుతుంది. మనుషుల ఒళ్ళు ఎలా ఉంటాయో దానికి నేర్పడానికి చుట్టాల్నీ, ఇరుగుపొరుగునీ, కింద సైకిళ్ళు బాగుచేసే ఆయన్నీ, ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళనీ పట్టుకొచ్చి తెల్లగోడ ముందు నిలబెట్టాం. వదిన టేపుతో కొలిచేది, నేను ఫొటో తీసేవాణ్ణి.

కొన్ని బట్టల షాపులున్న ఒక పెద్దాయన తన ఆన్‌లైన్ అమ్మకాల్లో దీన్ని పెట్టి చూడడానికి ఒప్పుకున్నాడు. తిరిగొచ్చే బట్టలు తగ్గితే ఉంచుతాడు, లేకపోతే తీసేస్తాడు. తీసేస్తే వదిన మళ్ళీ ఆ కిటికీ లేని గదికే. మా మాట వినడానికి ఒప్పుకున్న షాపు అదొక్కటే.

తగ్గలేదు. పెరిగాయి. అక్క వచ్చిన రోజు పొద్దున్నే ఆయన ఫోన్ చేశాడు. “ఎలుకలున్నాయని పిల్లిని తెచ్చుకుంటే పాలన్నీ పిల్లే తాగినట్టుంది నా పని. శుక్రవారం వచ్చి మీ సరంజామా తీసేసుకోండి” అన్నాడు.

అదీ వదిన నవ్వకపోవడానికి కారణం.

“ఇంకో ఫొటో తీద్దాం వదినగారూ. తప్పెక్కడుందో చూడాలి” అంది.

“అంటే తప్పు నాలో ఉందంటావా?”

“మీలో తప్పు వెతికే ధైర్యం మీ తమ్ముడికే లేదు, నాకెక్కడిది?”

అక్క గొణుక్కుంటూనే గోడ ముందుకు నడిచింది. “సొంతవాళ్ళకే ఇలా చేస్తే బయటివాళ్ళ గతేంటి? రేపు ఎవరైనా నలుగురిలో ఉన్నప్పుడు...”

నేను ఫోన్ ఎత్తాను. అక్క మాట టక్కున ఆగింది. గడ్డం పైకి లేచింది, భుజాలు వెనక్కి వెళ్ళాయి, పొట్ట ఎటు పోయిందో పోయింది. పెదవుల మీద చిరునవ్వు. క్లిక్కుమంది. అక్క హమ్మయ్యా అని ఊపిరి వదిలి, “...నలుగురిలో ఉన్నప్పుడు జిప్పు ఊడితే బాధ్యత ఎవడిది?” అని ఆపిన చోటి నుంచే అందుకుంది.

వదిన అక్క మొహం చూడడం లేదు. నడుం వైపే చూస్తోంది.

“మళ్ళీ తీయ్.”

మళ్ళీ ఎత్తాను. మళ్ళీ మాట ఆగింది. మళ్ళీ పొట్ట మాయం.

వదిన కంప్యూటర్ ముందు కూర్చుని పాత ఫొటోలు ఒక్కొక్కటే తిప్పింది. సైకిళ్ళాయన పోలీసు సెలక్షన్‌కు వచ్చినట్టు ఛాతీ పొంగించి నిలబడ్డాడు. పక్కింటావిడ కర్రలా బిగుసుకుపోయింది. అన్నయ్య అయితే పొట్టతోపాటు బుగ్గలు కూడా లోపలికి లాగేశాడు. టేపు పెట్టినప్పుడు కూడా ఇదే తంతు. యాప్‌కు మనుషులెలా ఉంటారో నేర్పామనుకున్నాం. ఊపిరి బిగబట్టిన మనుషులెలా ఉంటారో నేర్పాం.

“ఇంతేనా?” అన్నాను. “అందరికీ రెండంగుళాలు కలిపేస్తా. టీ చల్లారేలోపు అయిపోతుంది.”

“నీ మొహం! మీ అక్క లోపలికి లాగింది, సైకిళ్ళాయన బయటికి తోశాడు. నీ రెండంగుళాలు ఎవరికి కలుపుతావు, ఎవరికి తీస్తావు?”

“అయితే అన్నీ పారేసి మొదటి నుంచి తీయాలి.”

“తీద్దాం.”

“వదినా, శుక్రవారం...”

“తెలుసు. నువ్వు ఫోన్ స్టాండు పట్టుకో, నేను చెప్పులేసుకుంటా.”

“ముందు నా జిప్పు సంగతి చూడండి!” అని అక్క వెనక నుంచి అరుస్తూనే ఉంది.

ఈసారి పద్ధతి మార్చాం. నిలబడక్కర్లేదు. గది ఆ చివరి నుంచి ఫోన్ వైపు మాట్లాడుతూ నడిచి రావాలి. మాట్లాడే మనిషి ఊపిరి బిగబట్టలేడు. టేపు పెట్టినప్పుడు కూడా అలాగే మాట్లాడించాలి. వీడియో తీస్తున్నామని ముందే చెప్పేవాళ్ళం. ఆ నడకలో ఒళ్ళు వదులైన క్షణాన్ని యాప్ ఏరుకునేలా నేను మార్చాను. తీరా మాట్లాడమంటే జనానికి నోరు పెగల్లేదు. అప్పుడు వదిన వాళ్ళకు ఒళ్ళు మండే సంగతి ఏదో ఒకటి కదిపేది. “మీరేసిన పంక్చర్లు రెండో రోజుకే ఊడుతున్నాయట కదా?” అని సైకిళ్ళాయనను అడిగితే, ఆయన చేతులూపుకుంటూ ఫోన్ దాకా వచ్చి, దాన్నీ దాటి, వాదించుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయాడు. ఒకావిడ “మొన్నేగా తీశారు, మీకేం పనిలేదా?” అని తలుపేసుకుంది. వదిన మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడు కూడా. మూడోసారి ఆవిడే తలుపు తీసి తిడుతూ నడిచి వచ్చింది. అంతకంటే మంచి వీడియో మాకింకొకటి దొరకలేదు. ఇంటికొచ్చాక వదిన వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని, అన్నయ్య వద్దంటున్నా రేపటి ఇళ్ళ గురించే మాట్లాడేది.

శుక్రవారం షాపు వెనక, అట్టపెట్టెల మధ్య ఉన్న ఆఫీసు గదిలో పెద్దాయన కొత్త బొమ్మలు చూశాడు.

“అమ్మా, నువ్వు అద్దాలమ్ముతున్నావా, నా బట్టలమ్ముతున్నావా? ఈ పొట్టలు చూసుకుంటే ఎవరు కొంటారు? సన్నటి బొమ్మే ఉంచి, కింద సైజు అంకె మాత్రం పెంచు. నువ్వూ బాగుంటావు, నేనూ బాగుంటాను.”

ఉన్నమాట చెప్పాలి, నాకది బాగానే ఉందనిపించింది. వదినకు అనిపించలేదు.

“బొమ్మ ఒకటి చెప్పి అంకె ఇంకోటి చెబితే జనం బొమ్మనే నమ్ముతారు సార్. చిన్నదే కొంటారు. మళ్ళీ మీకే తిరిగొస్తుంది. ఏళ్ళ తరబడి ఆ కవర్లు చింపాను నేను.”

“నేను కాదంటే?”

“వేరే షాపుకెళ్తా. అక్కడా ఇవే చూపిస్తా.”

వేరే షాపు లేదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. “ఏం మొండిదానివమ్మా నువ్వు! మా నాన్న కాలం నుంచి చూస్తున్నాను, కొనేవాణ్ణి నొప్పించి వ్యాపారం చేసినవాడు బాగుపడ్డాడా?” అంటూ మా వైపు వచ్చాడు. వదిన ఫోన్ ఎత్తి, “సార్, తీస్తున్నా” అని చెప్పే తీసింది. ఆయన తిట్టే ఊపులో ఉన్నాడు, “తీసుకో తీసుకో” అన్నాడు.

తెర మీద, ఆయన షాపులోని నీలం చొక్కా ఆయన ఒంటి మీదికి వచ్చింది. బొత్తాల మధ్య బట్ట వరసగా నోళ్ళు తెరిచింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. నేను మనసులో స్టాండు మడిచేస్తున్నాను.

“దీని పై సైజు చూపించు” అన్నాడు చివరికి.

వదిన చూపించింది. నోళ్ళు మూసుకున్నాయి. ఆయన మెడ ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకున్నాడు. “ఊఁ. ఇదైతే పర్వాలేదు.”

సీజన్ అయ్యేదాకా ఉంచుతానన్నాడు. అదీ చొక్కాలకూ డ్రెస్సులకూ మాత్రమే. దానికో షరతు పెట్టాడు. “ఇది ఎలా పనిచేస్తుందో చూపించడానికి మొదట్లో ఒక బొమ్మ పెట్టాలి కదా. మోడల్ అమ్మాయి వద్దు. నీది పెట్టు. నువ్వే సిగ్గుపడే పనికి నా కొనేవాళ్ళెందుకు ముందుకొస్తారు?”

వదిన మొహం మారడం నేను అప్పుడే చూశాను. మేం తీసినవాటిలో వదిన బొమ్మ ఒక్కటీ లేదు. ఆమె టేపు పట్టుకున్న చెయ్యి, ఫోన్ వెనక గొంతు. ఇంట్లో ఫొటోలు కూడా అంతే, అందరినీ తీసేది తనే. గోదాములో వంగి వంగి వీపు గూనిపడిందని, కూర్చుని కూర్చుని ఒళ్ళొచ్చిందని ఎవరూ అనకముందే తనే అనేసి నవ్వేసేది.

“అలాగే సార్” అంది.

సాయంత్రం అన్నయ్యను పని ఉందని బయటికి పంపేసి, తెల్లగోడ దగ్గర నుంచి నడిచి వచ్చింది. వీపు నిటారుగా, పొట్ట లోపలికి, మొహం మీద ఎవరిదో చిరునవ్వు. మాట్లాడమన్నాను. “ఏం మాట్లాడాలి?” అంది. మళ్ళీ నడిచింది. అదే వరస. ఊరందరి చేతా మాట్లాడించిన మనిషికి మాట రాలేదు. బొమ్మ చూసుకుని, “ఇది నేను కాదు, తీసేయ్” అని తనే చెప్పింది.

గది ఆ చివరికి వెళ్ళి కొంగు సర్దుకుంది.

“మరిదీ, నీకు నోటి దురుసని అందరూ అంటారు కదా. ఇవాళ అది నాకు కావాలి. ఒకటి రెండు మూడు అనకు. నవ్వమనకు. మీ అక్క ఆ రోజు ఎలా వచ్చిందో అలా రా, నాతో గట్టిగా పోట్లాడు.”