ఓడలో ఉన్న నాన్న

మా అక్క కూతురికి వాళ్ళ నాన్న ఓడలో పనిచేస్తున్నాడని చెప్పింది నేనే. అప్పట్లో హార్బరు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో టైపిస్టుని. ఏ ఓడ ఏ రేవు నుంచి వస్తోందో రోజూ టైపు కొట్టేదాన్ని. సాయంత్రం గాజువాకలో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పిల్ల గుమ్మంలో ఉండేది.

"పిన్నీ, ఈయాల నాన్న ఓడ ఎక్కడుంది?"

"సింగపూరు దాటిందే. అక్కడ ఒకటే వానలంట."

ఆ ఊళ్ళ పేర్లు వింటూ నా ఒళ్ళో నిద్రపోయేది. శనివారాలు హార్బరుకి తీసుకెళ్ళేదాన్ని. కొండ పక్కనుంచి ఓడ లోపలికి వస్తుంటే మేమున్న చోటికి నీళ్ళు కనిపించేవి కావు. వీధి వెంట ఎవరో మేడని మెల్లగా నడిపించుకొస్తున్నట్టుండేది. ఇనుప ఖనిజం ధూళికి పిల్ల గౌను, నా చీర, ఆకాశం అన్నీ ఒకే ఎరుపులోకి తిరిగేవి. ఆ ఎరుపులో నా అబద్ధాన్ని నేనే సగం నమ్మేదాన్ని. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది అతకడమేమిటి, పూలే పూసింది.

అసలు సంగతి, మా బావ జైల్లో ఉన్నాడు. పక్కవీధిలో హైస్కూలుకి వెళ్ళే పిల్లని బలాత్కారం చేశాడు. ఏడేళ్ళ శిక్ష పడింది. అప్పటికి అక్క కూతురికి ఏడాది నిండలేదు. మేం వెళ్ళే ప్రార్థన మందిరంలో అందరికీ తెలుసు. అయినా ఆదివారం ప్రార్థన మనవులు అడిగినప్పుడు పిల్ల లేచి, "మా నాన్న ఓడ కోసం" అనేది. పాస్టరుగారితో సహా అందరం తలలు వంచి ఆమేన్ అనేవాళ్ళం. పరువు కోసం దేవుడికి కూడా అబద్ధం చెప్పాం.

శిక్ష ముగిసింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా కోర్టు నోటీసు వచ్చింది. కూతుర్ని తనకప్పగించమని బావ పిటిషను.

అక్క ఆస్పత్రిలో ఆయా. ఆ బట్టల్లోనే నన్ను వెంటబెట్టుకుని ప్లీడరు దగ్గరికి వెళ్ళింది.

"అలాటి పని సేసినోడికి ఇంకా తండ్రి హక్కేటి బాబూ?"

ప్లీడరు కళ్ళజోడు తీశాడు. "ఆ నేరం చేస్తే తండ్రి హక్కు పోతుందని చట్టంలో ఎక్కడా లేదమ్మా. అతను పిల్లను పెంచడానికి తగడని మనమే చూపించాలి. జడ్జిగారు పిల్లనీ అడుగుతారు. దాని మాటకి విలువుంటుంది."

పిల్ల మాట అనగానే నాకు నా ఓడ కథ గుర్తొచ్చింది. అయినా అప్పుడు కూడా పిల్లకి నిజం చెప్పలేదు.

జడ్జిగారు తన గదిలోకి పిలిచి, ఎవరి దగ్గరుంటావని అడిగారు. గుమ్మం బయట నిలబడి మేం విన్నాం.

"నాన్నతోటే ఎల్తాను. ఓడలో."

అక్క నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కింది. ఓడ సంగతి ఎవరు చెప్పారని జడ్జిగారు మమ్మల్ని లోపలికి పిలిచి అడిగితే, నేనేనన్నాను. ఆయన ఫైలు మూశారు.

"వారం టైమిస్తున్నాను. పిల్లకి నిజం చెప్పి తీసుకురండి."

ఆ శనివారం పెరట్లో గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. "నాన్న ఓడలో లేడే. ఒక అక్కని సానా బాధపెట్టాడు. వొద్దు వొద్దంటున్నా ఒంటిమీద సెయ్యేశాడు. అందుకే జైల్లో ఎట్టారు."

పిల్ల ఏడవలేదు. నా చెయ్యి విడిపించుకుని వెళ్ళి అక్క పక్కన పడుకుంది. వారమంతా నాతో ఒక్క మాట లేదు. అంత ముద్దుగా అబద్ధాలు చెప్పిన మనిషితో ఎవరు మాట్లాడతారు?

రెండోసారి అడిగితే "అమ్మ దగ్గర" అంది. బావ మీద పడిన తీర్పు కూడా చదివి, పిల్ల మేలు తల్లి దగ్గరే అని జడ్జిగారు రాశారు. అక్క కోర్టు మెట్ల మీదే కూలబడి స్తోత్రం చెప్పుకుంది. నేనూ ఏడ్చాను, హాయిగా.

తిరిగొచ్చే బస్సులో పిల్ల నాతో మాట్లాడింది.

"పిన్నీ, ఆ అక్క ఇప్పుడెక్కడుంది?"

కేసు నడుస్తుండగానే ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఎక్కడికని ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు, అక్కా అడగలేదు. తెలీదే, అన్నాను. పిల్ల గాజువాక వచ్చేదాకా నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది.